ఇరవై యూనిట్ల అమ్మవారు

అమ్మవార్లు ఎవరి పిలుపుకు వస్తారో నాకు తెలియదు గాని, ఒక అమ్మవారిని మాత్రం నేనే స్వయంగా, ఇరవై యూనిట్ల ఇన్సులిన్‌తో కోదాడకు రప్పించాను. రప్పించి ఊరుకోలేదు. ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడి నా సొంత పని కూడా ఒకటి అడిగాను. ఆ పూట నేను చేసిన ఘనకార్యానికి ఒక మనిషి ప్రాణం పోవలసింది, దాని వెనకే నా నర్సు చదువు పోవలసింది. చివరికి పోయింది నా పరువు ఒక్కటే. అది అప్పటికే అంతంత మాత్రంగా ఉండేది కాబట్టి పెద్ద నష్టం అనుకోలేదు.

నవాబు రాజ్యం పోయిన మరుసటి ఏడు సంగతి ఇది. నాకు పద్దెనిమిదేళ్లు. మాది కోదాడ పక్కన చిలుకూరు. మా అమ్మ ఊళ్లో వాళ్ల పొలాల్లో నాట్లు వేసేది. నేను సూర్యాపేటలో ఒక మిషను దవాఖానలో నర్సు పని నేర్చుకుంటున్నాను, రెండో సంవత్సరం. మా ఊరి నుంచి తెల్లబట్టలు కట్టుకుని పని నేర్చుకోవడానికి వచ్చిన మొదటి ఆడపిల్లను నేనే. ఈ ముక్క నేను రోజుకు రెండుసార్లయినా ఎవరికో ఒకరికి చెప్పేదాన్ని. వినేవాళ్లు దొరక్కపోతే అద్దానికి చెప్పేదాన్ని.

మాకు పాఠాలు చెప్పేది రాజరత్నమ్మ సిస్టరు. గుంటూరు జిల్లా మనిషి. ఆవిడ నవ్వగా చూశామన్నవాళ్లు మా బ్యాచిలో ఎవరూ లేరు. ఆ ఏడు మొదటి మూడు నెలల్లో నేను మూడు గాజు సిరంజీలు పగలగొట్టాను. మరిగే నీళ్లలోంచి తీసేటప్పుడు ఒకటి, తుడిచేటప్పుడు ఒకటి, "ఇట్లా పట్టుకుంటే పగలదు" అని కొత్తపిల్లలకు చూపించేటప్పుడు ఒకటి.

"సుగుణా, నీవి వేళ్లా, వెన్నముద్దలా?" అంది సిస్టరు మూడోదాని ముక్కలు ఏరుతూ. "ఇంకొక్క పొరపాటు జరిగిందంటే నీ ట్రంకుపెట్టె చిలుకూరు బస్సెక్కుతుంది. పెట్టెతో పాటు నువ్వూ ఎక్కుతావు."

చిలుకూరు బస్సెక్కితే ఏమవుతుందో నాకు తెలుసు. మా అమ్మ పక్కన బురదలో నాకొక చోటు ఖాళీగా ఉంది. ఆ చోటు అంటే నాకు నిజంగా భయం. అమ్మకు అంతకన్నా భయం.

ఇన్సులిన్ సూది ఎట్లా వెయ్యాలో మేం బత్తాయిపండ్ల మీద నేర్చుకున్నాం. సిరంజి మీద ఇరవై గీతలు, గీతకొక యూనిట్. చర్మం కిందికే పోవాలి, కండలోకి దిగకూడదు. వారం రోజులు బత్తాయిలకు నీళ్ల సూదులు పొడిచి, సాయంత్రం వాటినే ఒలుచుకు తిన్నాం. నా చేతి సూది తిన్న ఏ బత్తాయీ ఫిర్యాదు చెయ్యలేదు. దాంతో ఈ విద్యలో నన్ను మించినవాళ్లు లేరని నేను నిర్ణయించుకున్నాను.

సూది వెయ్యడం కన్నా తర్వాతి సంగతే ముఖ్యమని సిస్టరు తల బాదుకునేది. "ఈ మందు రక్తంలో చక్కెరను దించుతుంది. దించుతూ పోవడమే దానికి తెలుసు, ఆగడం తెలియదు. అందుకని సూది పడిన అరగంటలో అన్నం పడాలి. సూది వేసిన చెయ్యే కంచం చూడాలి, ఖాళీ అయిందాకా చూడాలి. తిండి తప్పితే ఏమవుతుంది? చెప్పండి."

మేం ఎక్కంలా అప్పజెప్పేవాళ్లం. "చెమట, వణుకు, గుండెదడ, ఆకలి, చిరాకు, తిక్కమాటలు, మగత, మూర్ఛ."

అందరికన్నా పెద్దగొంతు నాది. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. నిద్రలో లేపి అడిగితేనే చెప్తానని, మెలకువగా ఉన్నప్పుడు కళ్లముందు కనిపిస్తే గుర్తుపట్టనని అప్పటికి ఎవరికీ తెలియదు.

ఇక వెంకమ్మగారి దగ్గరికి వస్తాను. కోదాడలో బియ్యం దుకాణం సాంబయ్యగారి తల్లి ఆవిడ. అరవై దాటిన మనిషి, ఆచారం గల ఇల్లు. కాలిమీద పుండు లేచి ఎంతకూ మానకపోతే సూర్యాపేట తీసుకొచ్చారు. చూస్తే షుగరు. మూడు వారాలు మా దగ్గరే ఉంచి, రోజుకొక సూది చొప్పున పుండు మానేదాకా తెచ్చారు. ఇంటికి పంపుదామంటే కోదాడలో ఈ సూది తెలిసినవాళ్లు లేరు. ఆవిడ కోడలు అలివేలు నేర్చుకునేదాకా ఎవరైనా వెళ్లి పదిహేను రోజులు ఉండాలి. చిలుకూరు పిల్ల కాబట్టి నీళ్లు పడతాయని నన్ను పంపారు.

బస్సు దగ్గర సిస్టరు నా చేతికి మూడు ఇచ్చింది: సిరంజి పెట్టె, తడిబట్టలో చుట్టి కుండలో పెట్టిన మందు సీసాలు, ఒక నోటుబుక్కు.

"ప్రతి పూటా ఇందులో రాయాలి. ఎన్ని గంటలకు సూది, ఎన్ని గంటలకు భోజనం, మూత్రం పరీక్షలో ఏ రంగు. తిరిగొచ్చాక ప్రతి అక్షరం చదువుతా. సరిగా ఉంటే పరీక్షకు కూర్చుంటావు. లేకపోతే..."

"చిలుకూరు బస్సు" అన్నాను నేనే.

కోదాడలో నన్ను బాగానే చూసుకున్నారు. వసారాలో పడక, ఇత్తడి చెంబు విడిగా, అరిటాకులో అన్నం విడిగా. ఒక్కటే నియమం. వంటింటి గడప నేను దాటకూడదు. ఎందుకని నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. మా ఊరెక్కడో, అందులో మా గుడిసెలు ఏ మూలనో, మేం ఆదివారం ఎక్కడికి పోతామో ఇద్దరికీ తెలిసినప్పుడు ఇక చెప్పుకోవడానికేముంది? దవాఖానలో మూడు వారాలు నా చేతి మీదుగా నీళ్లు తాగిన వెంకమ్మగారే, ఇంటికి రాగానే జర దూరం జరిగి కూర్చుంది. 

"ఏమనుకోకు బిడ్డా, దవాఖానల దేవుడు సూడడు. ఇంట్ల సూస్తడు" అంది.

దేవుడు గడపగడపకూ కళ్లజోడు మారుస్తాడని నాకు ఆ రోజే తెలిసింది. 

అయితే సూది వేసిన చెయ్యే కంచం చూడాలి కదా! కంచం వంటింట్లో, చెయ్యి వసారాలో. పైగా వెంకమ్మగారు పరాయి కళ్ల ముందు ముద్ద ఎత్తదు, దిష్టి అని. నేను బుద్ధిమంతురాలిని గనుక దారి కనిపెట్టాను. వంటింటి గోడకు వీపానించి కూర్చునేదాన్ని. లోపల పీట వాల్చిన చప్పుడు, కంచం పెట్టిన చప్పుడు, కాసేపటికి ఒక త్రేనుపు, తర్వాత చెంబుతో చెయ్యి కడిగిన నీళ్ల చప్పుడు. ఆ నీళ్ల చప్పుడు కాగానే నోటుబుక్కులో "భోజనం అయినది" అని గుండ్రటి అక్షరాలతో రాసేదాన్ని. సిస్టరు కంచం చూడమంది. నేను కంచం విన్నాను. పెద్ద తేడా ఏముందిలే అనుకున్నాను.

సోమవారం నుంచి శుక్రవారం దాకా అంతా భేషుగ్గా నడిచింది. అలివేలుకు బత్తాయి ఇచ్చి సూది నేర్పడం మొదలుపెట్టాను. ఆవిడకు నా వయసే ఉంటుంది, నాకన్నా చెయ్యి నిలకడ. మూత్రం పరీక్ష అంటే మొదట ముక్కు మూసుకుంది గాని, గాజు గొట్టంలో నీలి మందు పోసి, ఎనిమిది చుక్కలు వేసి, దీపం మీద కాచి రంగు మారడం చూపిస్తే కళ్లు పెద్దవి చేసింది.

"ఇటుకరంగొస్తే?"

"షుగరు మస్తుగ ఉన్నట్టు."

"పచ్చగొస్తే?"

"జరంత ఉన్నట్టు."

"నీలంగనే ఉంటే?"

"అసల్లేదన్నట్టు."

"నర్సమ్మా, ఈ నీలంల చీరకు అద్దకం ఏస్తే ఎంత బాగుంటదో!" అంది అలివేలు. పక్కింటి బుచ్చమ్మ కూడా వచ్చి చూసి, ఇందులో మంత్రం ఏమైనా ఉందా అని అడిగి, లేదంటే నిరుత్సాహపడి వెళ్లింది. ఈ బుచ్చమ్మను గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఆరో రోజు శనివారం. ఎప్పటిలాగే ఎనిమిది గంటలకు, ఎప్పటిలాగే ఇరవై యూనిట్లు. వెంకమ్మగారు లోపలికి వెళ్లింది. నేను గోడకు వీపానించాను. పీట చప్పుడు అయింది. కంచం చప్పుడు అయింది. ఆ రోజు త్రేనుపు కొంచెం గట్టిగా వినిపించింది, పుండు మానుతోంది, ఆకలి పెరిగింది అని సంతోషించాను. నీళ్ల చప్పుడు. "భోజనం అయినది." 

ఆ త్రేనుపు సాంబయ్యగారిది. తొందరగా తిని దుకాణానికి వెళ్లిపోయాడాయన. వెంకమ్మగారు పెళ్లయిన నాటి నుంచి శనివారాలు ఒక్కపొద్దు. పొద్దుగూకినాక వెంకన్నకు దీపం పెట్టి అప్పుడే మెతుకు ముట్టేది. ఈ సంగతి నా దగ్గర ఎవరూ దాచలేదు. శనివారం ఒక్కపొద్దని చెప్పడం, రేపు ఆదివారం అని చెప్పడం లాంటిది. దవాఖానలో ఉన్న మూడు శనివారాలు ఆవిడ శుభ్రంగా తిన్నది. దవాఖానలో దేవుడు చూడడు కదా.

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. ఇన్సులిన్ ఒక్కపొద్దు ఎరుగదని నేనొక ముక్క కలుపుతున్నాను.

పది గంటలయింది. నేను వసారాలో సిరంజి ఆరబెడుతున్నాను. లోపల నుంచి ఒక అరుపు వినిపించింది.

"ఎవర్రా గాడ! నా గడపల ఎవర్రా!"

వెంకమ్మగారు నడి ఇంట్లోకి వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయింది. ముఖం మీదుగా చెమట కారుతోంది. చేతులు గజగజ వణుకుతున్నాయి. కళ్లు నా వైపు చూస్తున్నాయి గాని నన్ను చూడడం లేదు. అలివేలు పొయ్యి దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చి "అత్తమ్మా!" అంటే, "ఎవతెకే అత్తమ్మను?" అని కసిరింది.

ఇప్పుడు మీరు నాతో పాటు ఎక్కం గుర్తు చేసుకోండి. చెమట, వణుకు, చిరాకు, తిక్కమాటలు. ఎనిమిదిటిలో నాలుగు నా ఎదురుగా నిలబడి ఉన్నాయి. మా బ్యాచిలో పెద్దగొంతుతో అప్పజెప్పింది నేను. నాకేమనిపించిందంటారా? ఏమీ అనిపించలేదు. నోటుబుక్కులో భోజనం అయినదని నా చేతిరాతతో ఉంది కదా. నా రాత మీద నాకు అంత నమ్మకం. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నది నన్ను చూసి పుట్టిన సామెతే అయ్యుంటుంది.

పిల్లి గోడ దూకినట్టు బుచ్చమ్మ వచ్చిపడింది. ఒక్క చూపు చూసి రెండు చేతులూ పైకెత్తింది.

"అయ్యో, ఏం సూస్తున్నరే! అమ్మ వచ్చింది! ముత్యాలమ్మ తల్లి వచ్చింది! పసుపునీళ్లు తే, యాపమండలు తే!"

శనివారం వెంకన్నది, ముత్యాలమ్మకు ఈ రోజు ఏం పని అని ఎవరికీ అనుమానం రాలేదు. అలివేలు వేపమండలు తెచ్చింది. బుచ్చమ్మ పసుపునీళ్లు చల్లింది. ఆ అరుపుకు వీధిలో పోయేవాళ్లు ఆగారు, ఆగినవాళ్లు లోపలికి వచ్చారు. పావుగంటలో వాకిలి నిండింది. 

"తల్లీ, ఎందుకొచ్చినవమ్మా? ఏం తక్కువైంది నీకు?" అని అడిగింది బుచ్చమ్మ.

"తక్కువైంది! తక్కువైంది!" అని ఊగింది వెంకమ్మగారు. తక్కువైంది చక్కెర. అంత స్పష్టంగా చెప్పినా అక్కడున్న నర్సుకు అర్థం కాలేదు.

ఒకాయన తప్పిపోయిన బర్రె ఎటు పోయిందని అడిగాడు. "గాడనే ఉన్నది పో" అంది అమ్మవారు. ఆయన దండం పెట్టి పరిగెత్తాడు. ఒక ముసలామె నిడమనూరులో ఉన్న చెల్లెలి మోకాళ్ల నొప్పి గురించి అడిగింది. అమ్మవారు ఆమె నెత్తిన వేపమండ వేసి కొట్టింది. ఆమె ఎంతో తృప్తిగా వెళ్లి కూర్చుంది.

అందరూ అడుగుతున్నారు. నేను క్రైస్తవుల పిల్లను, ఆదివారం బడిలో బహుమానం తీసుకున్నదాన్ని. అయినా ఒక మాట నిజం చెప్తాను. పరీక్ష ముందున్నవాళ్లకు ఏ మతమూ నిలవదు. ఏ దేవత దారిన పోతున్నా ఆపి అడగబుద్ధవుతుంది. జనాన్ని తోసుకుని ముందుకెళ్లాను. చేతులు జోడించాను.

"అమ్మా, నేను పాసయితనా?"

అమ్మవారు ఊగడం ఆపింది. నా వైపు వంగింది. చెమట నా చేతి మీద పడింది, చల్లగా.

"ఆకలయితున్నదే!" అని అరిచింది. "అన్నం పెట్టకుంట పాసెట్లయితవే, ముండా!"

వాకిలంతా దండాలు పెట్టింది. "సత్యం పలికింది తల్లి" అన్నారెవరో. 

నాకు మాత్రం ఆ ఒక్క మాట చెవిలో దిగబడిపోయింది. ఆకలి. ఎక్కంలో ఇది కూడా ఉంది. గుండెదడ తర్వాత ఆకలి. చల్లటి చెమట, వణుకు, తిక్కమాటలు... తర్వాత ఏమిటి? మగత. తర్వాత మూర్ఛ. చూస్తుండగానే వెంకమ్మగారి రెప్పలు బరువుగా వాలుతున్నాయి.

"అలివేలమ్మా! మీ అత్తమ్మ పొద్దున తిన్నదా?"

"తినుడేంది? శనారం గద. ఒక్కపొద్దు."

నేను చచ్చాననుకున్నాను. కాదు, ఆవిడను చంపాననుకున్నాను. నా ట్రంకుపెట్టె, చిలుకూరు బస్సు ఒక్కటీ గుర్తు రాలేదు. అది మాత్రం నా గొప్పగా చెప్పుకుంటాను, ఈ కథలో నా గొప్ప అదొక్కటే కనుక.

"బెల్లం! బెల్లమెక్కడుంది?"

"వంటింట్ల, ఉట్టి మీద..."

ఆవిడ మాట పూర్తయ్యేసరికి నేను వంటింట్లో ఉన్నాను. గడప ఎప్పుడు దాటానో నాకు తెలియదు. ఉట్టి అందలేదు, వెంకమ్మగారి పీట మీదనే ఎక్కాను. బెల్లం గడ్డ తీసి మడినీళ్ల బిందెలో చెంబు ముంచి, చేత్తోనే పిసికి కలిపాను. ఆ రెండు నిమిషాల్లో నేను మైల చెయ్యని వస్తువు ఆ వంటింట్లో పొయ్యి ఒక్కటే, అది కూడా దూరంగా ఉండబట్టి.

బయటికొస్తే బుచ్చమ్మ అడ్డం పడింది. "ఏందే పిల్లా, అమ్మ ముంగట గిట్ల..."

"పానకం! అమ్మవారికి పానకం!" అన్నాను. అంత తెలివి నాకెట్లా వచ్చిందో నేటికీ తెలియదు. ఆ మాటకు బుచ్చమ్మే దారి ఇచ్చింది. పైగా "పానకం అడిగింది, పానకం అడిగింది" అని నలుగురికీ చెప్పింది.

మగతలో ఉన్నవాళ్ల నోట్లో నీళ్లు పొయ్యకూడదు, ఊపిరిలోకి పోతాయి. ఇది సిస్టరు చెప్పిందే. వెంకమ్మగారు ఇంకా నన్ను తిడుతోంది. తిట్టే గొంతు మింగగలదని ధైర్యం తెచ్చుకుని, వెనక నుంచి పట్టుకుని కూర్చోబెట్టి, గుక్కగుక్కగా తాగించాను. మొదటి గుక్క నా ముఖం మీద ఉమ్మింది. రెండోది మింగింది. మూడోదానికి చెంబు తనే పట్టుకుంది. బెల్లం ముక్క కూడా నోట్లో పెట్టాను. 

పావుగంట. నా జీవితంలో అంత పొడుగు పావుగంట మళ్లీ రాలేదు. చెమట ఆగింది. వణుకు తగ్గింది. ఆవిడ కళ్లు మెల్లగా తిరిగి ఎవరో ఒకరిని చూడడం మొదలుపెట్టాయి. వాకిట్లో జనాన్ని చూసింది, వేపమండలు చూసింది, ఒళ్లంతా పసుపు చూసుకుంది.

"ఏందే అలివేలూ, ఎవరి పెండ్లే?" అంది.

"అమ్మ శాంతించింది!" అని బుచ్చమ్మ ప్రకటించింది. 

అమ్మ శాంతించింది గాని పని అయిపోలేదు. బెల్లం కాసేపే నిలబడుతుంది, వెనకే అన్నం పడకపోతే మళ్లీ మొదటికొస్తుంది. అన్నం తినమన్నాను. 

"ఒక్కపొద్దు బిడ్డా, దీపం పెట్టంది..."

"అమ్మవారే అన్నం అడిగింది గదా! ఇందరు విన్నరు!" అన్నాను. వాకిలి మొత్తం విన్నామని సాక్ష్యం చెప్పింది. వెంకమ్మగారు పప్పన్నం తిన్నది. నేను ఎదురుగా కూర్చుని ప్రతి ముద్దా లెక్కపెట్టాను.

ఇంతలో బుచ్చమ్మకు తీరిక దొరికింది. వంటింటి వైపు చూసి ముక్కు మీద వేలేసుకుంది. "అది సరే గని వెంకమ్మక్కా, ఈ పిల్ల నీ వంటింట్ల జొరబడ్డది. బిందె ముట్టింది. నీ నోట్ల చెయ్యి పెట్టింది. ఇగ ఇల్లంత..."

నేను తల దించుకున్నాను. ఇప్పుడు వస్తుంది మాట, పెట్టె సర్దుకోమని. వెంకమ్మగారు ముద్ద నమిలి, నిదానంగా మింగింది.

"బుచ్చమ్మా, ఆ నీళ్లు తాగింది ఎవరే? నేనా, అమ్మవారా?"

"అమ్మవారే."

"అమ్మవారికి లేని మైల నాకెక్కడిదే? ఆమె కన్న పెద్దదాన్ననా నేను?"

బుచ్చమ్మ చెంగు దులుపుకుని వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి నా చోటు వసారా నుంచి వంటింటి గడప లోపలికి మారింది. వెంకమ్మగారు నా ఎదురుగా కూర్చుని తినేది. దిష్టి సంగతి నేనూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. అలివేలు మాత్రం ఒకసారి నా వైపు చూసి నవ్వి, నా ఆకు తెచ్చి లోపలే వేసింది. ఆ పూట మెతుకు మిగలకుండా తిన్నాను.

ఆ సాయంత్రం నోటుబుక్కు తెరిచాను. "భోజనం అయినది" అని ఉంది. కొట్టెయ్యనా? కొట్టేస్తే సిస్టరు కనిపెడుతుంది. వదిలేస్తే అబద్ధం. గంట ఆలోచించి కింద నిజం రాశాను. ఎట్లా రాశానంటే, ఇట్లా:

"8 గం. సూది, 20 యూ. భోజనం అయినది. (కాలేదు.) 10 గం. అమ్మవారు వచ్చినది. 10-30 గం. బెల్లం నీళ్లు, అమ్మవారు పోయినది. 11 గం. పప్పన్నం, నిజముగా అయినది. మూత్రం: నీలం."

ఇంతటితో అయిపోతే బాగుండేది. మరుసటి శనివారం పొద్దున్నే వాకిట్లో రెండు బండ్లు ఆగాయి. వెంకమ్మగారి కూతుర్ని మిర్యాలగూడలో ఇచ్చారు. కబురు అక్కడికి పోయింది, అక్కడి నుంచి త్రిపురారం దాకా పాకింది. కొబ్బరికాయలు, పూలు పట్టుకుని పన్నెండుమంది దిగారు. ఆ బర్రె దొరికిందట. పక్కవాడి కొట్టంలో ఉందట. "గాడనే ఉన్నది" అన్న మాటకు ఇంతకన్నా రుజువు ఎవరికి కావాలి?

నేను సిరంజి తీసుకుని వెళ్లేసరికి వెంకమ్మగారు కొత్త చీర కట్టుకుని, వేపమండ పక్కన పెట్టుకుని కూర్చుంది. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"బిడ్డా, సూది ఎయ్యి. అన్నం మాత్రం జర ఆగి తింట."

"ఎందుకమ్మా?"

"గంటనే. పాపం అంత దూరం నుంచి వచ్చిన్రు."

నా చేతిలో సిరంజి జారబోయింది. నాలుగోది. పట్టుకున్నాను. తలుపు దగ్గరికి వేసి, ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నదంతా చెప్పేశాను. ఆ రోజు వచ్చింది అమ్మవారు కాదని, సూది పడి తిండి పడకపోతే అట్లాగే అవుతుందని, గోడవతల చప్పుడు విని తిన్నావని రాసుకున్నానని, ఇంకాసేపయితే మనిషి దక్కేది కాదని. చెప్తూ ఏడ్చాను.

వెంకమ్మగారు ఆశ్చర్యపోలేదు. 

"నాకు ఎరుకనేనే పిల్లా. బెల్లం పడంగనే పోయే అమ్మవారు ఎక్కడన్న ఉంటదా?"

"మరి...?"

"నలభై ఏండ్ల సంది ఈ ఇంట్ల నేను ఏం చెప్పినా మా ఆయన వినలే, పోయిండు. కొడుకు వినడు. బజారోళ్లు వినరు. ఆ ఒక్క పూట ఊరంత నోరు మూసుకుని నా మాట విన్నదట. నాకేమో ఒక్క ముక్క యాదికి లేదు. ఇంకొక్కసారి, జర తెలివి ఉండంగ వస్తే సూద్దామని."

నవ్వాలా, జాలిపడాలా? కాని సిరంజి నా చేతిలో ఉంది.

"అమ్మా, కంచం నీ ముందుకు రాంది నేను సూది ఎయ్య" అన్నాను. "నా చదువు పోయినా సరే, ఎయ్య."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఓరి, గట్టిదానివైనవే" అని, అలివేలును పిలిచి కంచం పెట్టించుకుంది. సూది వేశాను. మిర్యాలగూడ చుట్టాలు పన్నెండుమంది కొబ్బరికాయలు పట్టుకుని చూస్తుండగా రెండు జొన్నరొట్టెలు, పప్పు తిన్నది. 

"అమ్మవారు రాదా?" అని అడిగిందొకామె.

"అమ్మవారు ఈ నర్సమ్మకు అప్పజెప్పి పోయింది" అంది వెంకమ్మగారు మూతి తుడుచుకుంటూ. "అమ్మ చెప్పిన మాట ఒక్కటే. సూది పడ్డంక ఒక్కపొద్దు లేదు. మీ ఇండ్లల్ల షుగరున్నోళ్లకు చెప్పుండ్రి." 

అందరూ దండం పెట్టారు. సిస్టరు రెండేళ్లు చెప్పినా ఇంతమంది ఇంత శ్రద్ధగా వినలేదు. వెంకమ్మగారికి కావలసింది కూడా దొరికింది, తెలివి ఉండగానే.

పదిహేను రోజులకు అలివేలు నాకన్నా బాగా సూది వేస్తోంది. నేను సూర్యాపేట తిరిగొచ్చి నోటుబుక్కు సిస్టరు బల్ల మీద పెట్టి, నా పెట్టె దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఎవరూ సర్దమనకముందే సర్దుకున్నాను. 

రెండు రోజులు పిలుపు రాలేదు. మూడో రోజు పిలిచారు, సిస్టరు గదికి కాదు, పరీక్షకు. బయటి నుంచి వచ్చిన డాక్టరుగారు బల్లవెనక కూర్చున్నారు. పక్కన సిస్టరు. ఆవిడ ఒడిలో నా నోటుబుక్కు.

"ఇన్సులిన్ తీసుకున్న రోగికి తిండి తప్పితే ఏమవుతుంది?" అన్నారు డాక్టరుగారు.

నేను ఎక్కం చెప్పలేదు. చెమట ఎంత చల్లగా ఉంటుందో చెప్పాను. కళ్లు మనవైపు ఉండీ మనల్ని చూడవని చెప్పాను. ఇంటి కోడలిని కూడా కసురుతారని, మింగగలిగితేనే బెల్లం నీళ్లు తాగించాలని, బెల్లం వెనకే అన్నం పడాలని, కంచాన్ని చెవులతో చూడకూడదని చెప్పాను.

"ఇవన్నీ ఏ పుస్తకంలో చదివావు?" అన్నారాయన ఆశ్చర్యంగా.

నేను నోరు తెరిచేలోగా సిస్టరు కలగజేసుకుంది. "పుస్తకం కాదండీ. అమ్మాయికి స్వయంగా ఒక పెద్దావిడ చెప్పింది" అని, నోటుబుక్కు నా వైపు తిప్పింది. "అమ్మవారు వచ్చినది" అన్న చోట ఎర్రసిరాతో గీత గీసి, పక్కన రాసి ఉంది: "రోగి లక్షణములు సరిగా వర్ణించలేదు. మార్కులు తగ్గించడమైనది." దాని కింద చిన్న అక్షరాలతో: "అబద్ధం దిద్దుకున్నందుకు మార్కులు కలపడమైనది." 

తలెత్తి చూశాను. రాజరత్నమ్మ సిస్టరు నవ్వుతోంది. మా బ్యాచిలో చెప్తే ఎవరూ నమ్మలేదు.

పాసయ్యాను. కోదాడ కబురు పంపితే, "అన్నం పెట్టినంకనే పాసయినవ్, యాది పెట్టుకో" అని వెంకమ్మగారు తిరుగు కబురు పంపింది.

కాబట్టి చదువరులారా, మీ అందరి సాక్షిగా, నా పెట్టెలో ఇంకా భద్రంగా ఉన్న ఆ నోటుబుక్కు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. కళ్లతో చూడనిదే ఎవరూ తిన్నట్టు నా కలం రాయదు. నలభై ఏళ్లుగా మా ఆయన త్రేనుపును కూడా నేను సాక్ష్యంగా తీసుకోలేదు. ఇక ముందు నా ఎదుట ఎవరి మీదికి ఏ అమ్మవారు వచ్చినా, ముందు నోట్లో బెల్లం ముక్క పెడతాను. పావుగంట చూస్తాను. అప్పటికీ పోకపోతే, అప్పుడే చేతులు జోడిస్తాను. 

అప్పుడు కూడా పరీక్ష సంగతి అడగను.